ఉచితం, పూచీ నాది

ఇంటిదానికి,

'ప్రియమైన' అని మొదలుపెడదామని కలం పట్టాను. సిగ్గేసింది. రాసినట్టే అనుకుని చదువు.

బస్సెక్కే ముందు నువ్వన్న మాట గుర్తుంది. "ఫోన్లో మీ 'ఊఁ' వినలేను. చెప్పేదేమైనా ఉంటే రాయండి. రోజూ జమాఖర్చు రాసే చెయ్యేగా, నాలుగు ముక్కలు నాకు రాస్తే అరిగిపోదు" అన్నావు. అందుకే రాస్తున్నాను. కానీ జమాఖర్చు రాయడం వేరు, ఇది వేరు. అక్కడ ఏం వచ్చింది, ఏం పోయింది అని రాసి ఊరుకుంటాను. ఎందుకు వచ్చింది, ఎందుకు పోయింది అని పుస్తకం అడగదు. నువ్వు అడుగుతావు.

నువ్వు చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ చెల్లెలు అద్దెకున్న ఇంటి పైవాటా ఖాళీగా ఉంది. అక్కణ్ణించి నువ్వు డ్యూటీ చేసే ఆసుపత్రి దగ్గర. నెలాఖరులోగా ఆ ఇంటావిడకి అవునో కాదో చెప్పాలి. ఈలోగా మన గది ఖాళీ చేస్తే తిరిగి వస్తావు. చేయకపోతే ఆ పైవాటాలో దిగిపోతావు. ఇంతవరకు సరే. గది ఎవరికోసం ఖాళీ చేయాలో మాత్రం చెప్పలేదు. అడిగితే "అది మీకే తెలియాలి" అన్నావు. నాకు తెలియలేదు. మీ అమ్మగారు వస్తారా అనుకున్నాను. ఆవిడ మీ తమ్ముడి దగ్గర హాయిగా ఉన్నారు. మీ చెల్లెలి కూతురు చదువుకోడానికి వస్తుందేమో అనుకున్నాను. ఎవరొస్తారో తెలిస్తే మంచం పట్టేంత ఖాళీ చేయాలా, బల్ల కూడా పట్టేంత చేయాలా అని కొలుచుకునేవాణ్ణి.

గది సంగతి నీకు చెప్పక్కర్లేదు. నీళ్ళ పంపుహౌస్‌లో మోటార్లతో నా డ్యూటీ అయిపోయి ఇంటికొచ్చాక ఇన్నేళ్ళూ నేను కూర్చున్న చోటే అది. ఊళ్ళోవాళ్ళు పారేయబోయిన ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు గోడలంట పేర్చి ఉన్నాయి. ఒకరు నేర్పింది కాదు కాబట్టి ఒక్కోదాన్ని విప్పి, చూసి, చెడగొట్టి, మళ్ళీ బాగుచేసి నేర్చుకున్నాను. అన్నీ తిరుగుతాయి. తిరిగేవాటిని పాతసామాను బండికి వేయడానికి చెయ్యి రాలేదు.

పక్కింట్లో బ్యూటీపార్లర్ నడిపే ఆవిడకి చెబితే ఆవిడే దారి చూపించింది.

"అన్నయ్యగారూ, బతికున్నవాటిని కిలోల లెక్కన వేస్తారా ఎవరైనా? గ్రూపులో పెట్టండి."

"ఏ గ్రూపు?"

"ఊరికే ఇచ్చేసే గ్రూపు. ఫోటో పెట్టి 'ఉచితం, వచ్చి పట్టుకెళ్ళండి' అని రాస్తే చాలు. బెల్లం చుట్టూ ఈగల్లా మూగుతారు."

ఫోటో ఆవిడే తీసింది. రాత నాది. "టేబుల్ ఫ్యాను. ఉచితం. బుష్ మార్చాను. కెపాసిటర్ కొత్తది. పెద్ద స్పీడులో కొంచెం గొణుగుతుంది, దాని స్వభావం అది. ఏడాదిపాటు పూచీ నాది" అని రాశాను.

ఆవిడ చదివి నోరు తెరిచింది. "ఊరికే ఇచ్చేదానికి పూచీ ఏంటండీ? ఎక్కడైనా విన్నామా?"

"బాగుచేసి ఇస్తున్నప్పుడు పూచీ లేకుండా ఎలా ఇస్తాం?"

"వదిన ఎందుకెళ్ళిపోయిందో ఇప్పుడర్థమవుతోంది" అని నవ్వింది.

ఆవిడకి ఏం అర్థమైందో నాకు అర్థం కాలేదు. అడగబుద్ధి కాలేదు.

పెట్టగానే ఫోను ఆగకుండా మోగింది. అందరిదీ ఒకటే ప్రశ్న, "ఇంకా ఉందా?" అని. ఒక్కొక్కరికీ "ఉంది" అని జవాబిచ్చాను. ఎవరూ రాలేదు. ఉందని తెలుసుకోవడానికే అడుగుతారేమో. చివరికి ఒకాయన వచ్చాడు, హెల్మెట్ తియ్యకుండానే లోపలికొచ్చి, హెల్మెట్ తియ్యకుండానే ఫ్యాను చంకన పెట్టుకుని వెళ్ళాడు. ఫ్యాను ఉన్నచోట దుమ్ములేని చక్రం ఒకటి మిగిలింది. దాన్ని తుడవాలో వద్దో తెలియక అలాగే ఉంచాను.

ఒంట్లో జాగ్రత్త.

నీ ఆయన

*

ప్రియమైన నీకు,

ఈసారి రాసేశాను.

అయ్యవారిని చేయబోతే కోతి అయిందన్న సామెత ఇన్నాళ్ళూ ఇతరుల విషయంలో వాడుతూ వచ్చాను. గది ఖాళీ చేయబోతే నిండిపోయింది. ఎలా జరిగిందో కూర్చుని ఆలోచిస్తే ప్రతి అడుగూ సబబుగానే కనబడుతోంది. మొత్తం చూస్తే మాత్రం పిచ్చిపని.

లేడీస్ హాస్టల్లో వంట చేసే ఆవిడ మిక్సీ పట్టుకెళ్ళింది. రెండ్రోజులకి తిరిగొచ్చింది. చెడిపోయిందేమో అని స్క్రూడ్రైవర్ అందుకున్నాను. "చెడిపోవడమా, రాళ్ళేసినా పిండైపోతోంది. పూచీ అని రాశారుగా, అలాంటి మనిషి దొరకడం కష్టం" అంటూ సంచిలోంచి ఇంకో రెండు మిక్సీలు తీసి బల్లమీద పెట్టింది. హాస్టల్ వార్డెన్‌వట. హెల్మెట్ ఆయన తన ఇంటి పక్కవాళ్ళ ఇస్త్రీపెట్టె తెచ్చాడు. ఈసారీ హెల్మెట్ తియ్యలేదు, అతని ముఖం ఎలా ఉంటుందో నాకింకా తెలియదు. కొత్తగా పెళ్ళయిన జంట కూలర్ కోసం వచ్చారు. ఆ పిల్లకి దాని రంగు నచ్చలేదు. "ఊరికే ఇస్తుంటే రంగులెంచుతావేంటే" అని అతను. "ఊరికే ఇస్తున్నారని నిన్ను చేసుకోలేదుగా" అని ఆ పిల్ల. కూలర్ తీసుకోకుండానే వెళ్ళారు. పోతూ పోతూ వాళ్ళ స్కూటర్లో ఉన్న పాడైపోయిన కుక్కర్ ఒకటి నా దగ్గర వదిలేశారు, చూసి పెట్టమని. ప్లగ్గు పెట్టే రకం. నేను వద్దని చెప్పే లోపల బండి మలుపు తిరిగింది.

వద్దనడం నాకు రాదని నీకు తెలుసు. కానీ వాళ్ళకెలా తెలిసిందో!

పార్లర్ ఆవిడ గుమ్మంలో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "అన్నయ్యగారూ, మీరు ఇచ్చెయ్యడం లేదు. దుకాణం తెరిచారు. అదీ గల్లాపెట్టె లేని దుకాణం. ముందు ఆ పూచీ మాట పీకెయ్యండి."

"మాట ఇచ్చాను కదమ్మా."

"ఎవరికిచ్చారు? ఆ హెల్మెట్టుకా? వదినకి కూడా ఇచ్చారుగా ఖాళీ చేస్తానని. రెండు మాటల్లో ఏది పెద్దదో చూసుకోండి."

నిజానికి నీకు మాటేమీ ఇవ్వలేదు. నువ్వు చెప్పినప్పుడు ఊఁ అన్నానంతే. ఊఁ అంటే ఇచ్చినట్టేనా అని అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను.

ఇంకొక విచిత్రం. వచ్చినవాళ్ళందరూ కూర్చుని కబుర్లు చెబుతున్నారు. హాస్టల్ ఆవిడ తన కొడుకు గురించి, ఇంకొకాయన తన మోకాళ్ళ గురించి. నేను ఊఁ కొడుతూ స్క్రూలు విప్పుకుంటూ ఉంటాను. "మీలా వినేవాళ్ళు లేరండీ ఈ రోజుల్లో" అని మెచ్చుకుని మరీ పోతున్నారు. నా ఊఁ వాళ్ళందరికీ సరిపోతోంది. నీకెందుకు సరిపోలేదో తెలియడం లేదు. నిష్ఠూరం కాదు, నిజంగానే తెలియక రాస్తున్నాను.

నిన్న సాయంత్రం ఉండబట్టలేక ఫోన్ చేశాను. మీ చెల్లెలు ఎత్తి, "బావా, అక్క ఇంకా లేవలేదు, లేపనా?" అంది. వద్దు, పడుకోనీ అని పెట్టేశాను. రాత్రంతా వార్డులో నిలబడే మనిషిని లేపడానికి నాకేం హక్కుంది.

నీ ఆయన

*

ప్రియమైన నీకు,

గది ఖాళీ అయింది. ముందే చెప్పేస్తున్నాను, ఆ తర్వాత మిగతాది తీరిగ్గా చదువుకుంటావని.

పూచీ మాట తీసేశాను. "ఉచితం. తిరుగుతుంది. అంతే" అని రాసి పెట్టాను. రాస్తున్నప్పుడు తప్పుచేస్తున్నట్టు అనిపించింది. కానీ విచిత్రం చూడు, పూచీ లేదనగానే జనం నోరుమూసుకుని పట్టుకెళ్ళారు. ఎవరూ కూర్చోలేదు, ఎవరూ తిరిగి రాలేదు. ఎవరి వస్తువులు వాళ్ళకి బాగుచేసి ఇచ్చేశాను. వారం తిరిగేసరికి గోడలు కనబడ్డాయి. మన గదికి ఆ రంగు వేయించామని మర్చేపోయాను.

చివరికి తలుపుకి లోపలివైపు కట్టిన మందపాటి నల్ల పరదా మిగిలింది. దాన్ని కూడా పెట్టాను. ఊరి బయట టోల్‌గేటులో రాత్రిళ్ళు టికెట్లు కొట్టే ఆవిడ వచ్చింది. పగలు నిద్రపట్టడం లేదట, ఇంటి కిటికీకి కట్టుకుంటానంది. పరదాని చేత్తో పట్టి చూసి, ఎక్కడ కట్టి ఉందో చూసి, నన్ను చూసింది.

"ఇది కిటికీకి కట్టాల్సింది కదా. తలుపుకి కట్టారేంటి?"

"మా ఆవిడదీ రాత్రి డ్యూటీనే. నర్సు. పగలు హాల్లో పడుకుంటుంది. నేను మధ్యాహ్నం వచ్చి ఈ గదిలో పనిచేసుకుంటాను. తలుపేసుకున్నా టకటకలు బయటికి వెళ్తాయని..."

"ఆగాగు. తలుపూ పరదా ఉన్న గదిలో మీరు, కిటికీలున్న హాల్లో ఆవిడా?"

"ఊఁ."

ఆవిడ పరదా వదిలేసి నుదురు కొట్టుకుంది. "ఏమనుకోకన్నా. తలగడ కాళ్ళకింద పెట్టుకుని మెడ పట్టేసిందన్నట్టుంది మీ యవ్వారం. పడుకునేవాళ్ళకి కదా గది?"

అప్పటికప్పుడు స్టూలు మీద కూర్చున్నాను. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు. నీకు రాత్రి డ్యూటీ పడ్డ కొత్తలో నువ్వు వచ్చి హాల్లోనే చాపమీద ఒరిగావు. నేను ఇంటికొచ్చి నిన్ను చూసి, చప్పుడు కాకుండా ఎక్కడికి పోవాలా అని వెతుక్కుని గదిలోకి పోయాను. ఊరికే కూర్చోలేక ఒక ఫ్యాను విప్పాను. ఆ తర్వాత ఇంకొకటి. నీ నిద్ర చెడకూడదని తలుపేశాను, అది చాలలేదని పరదా కట్టాను. అటుదిటు చేస్తే సరిపోయేదని ఎవరో టోల్‌గేటు ఆవిడ వచ్చి చెప్పాల్సొచ్చింది. గది ఎవరికోసం అని మీ అమ్మగారినీ, మీ చెల్లెలి కూతుర్నీ అందరినీ లెక్కలోకి తీసుకున్నాను గానీ నిన్ను తీసుకోలేదు.

అయితే పరదా ఇచ్చేస్తానని అప్పటికే చెప్పాను. ఇవ్వాలా, ఉంచుకోవాలా తేల్చుకోలేక నిలబడ్డాను. ఆవిడే నా ముఖం చూసి పార్లర్ నుంచి కత్తెర తెప్పించింది. "చెరో ముక్క. మీ ఆవిడకి నా పేరు చెప్పు" అంది. పేరడగడం మర్చిపోయాను.

ఇప్పుడు గదిలో మంచం వేశాను, పరుపు ఎండబెట్టి వేశాను, సగం పరదా కిటికీకి కట్టాను. పట్టపగలు చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. ఇక వచ్చెయ్. నువ్వు లోపల తలుపేసుకుని హాయిగా పడుకో. నేను హాల్లో కిక్కురుమనకుండా కూర్చుంటాను. నీకు ఏ అడ్డూ ఉండదు.

నీ ఆయన

*

ఏవండీ,

మీ మొదటి ఉత్తరాలు డ్యూటీలో చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. హెల్మెట్టాయన సంగతి మా వార్డంతా తెలుసు. మూడోది వచ్చాక మాత్రం ఎవరికీ చదివి వినిపించలేదు.

మీరు రాసింది చదివి ముందు మీమీద కోపం వచ్చింది. తర్వాత నామీద వచ్చింది. ఇప్పుడు ఎవరిమీద రావాలో తెలియడం లేదు.

నేను నిద్రపోయేదాన్ని కాదండీ. పొద్దున్న వచ్చి పడుకుంటే మధ్యాహ్నానికి మెలకువ వచ్చేసేది. మీరు వచ్చే వేళ నాకు తెలుసు. చెప్పులు మెట్లమీదే విడిచి, ఒట్టికాళ్ళతో నా పక్కనుంచి నడిచి వెళ్ళేవారు. నేను కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని. ఇవాళైనా ఒక్క క్షణం ఆగుతారేమో, లేచావా అంటారేమో అని. ఆగేవారు కాదు. తర్వాత గడియ పడేది. లోపల స్క్రూడ్రైవర్ చప్పుడు. మీ చప్పుడుకి నాకు మెలకువ రాలేదు. మీ చప్పుడు కోసమే నేను మెలకువగా ఉండేదాన్ని. సాయంత్రం నేను డ్యూటీకి తయారై తలుపు తడితే బయటికొచ్చి "వెళ్తున్నావా" అనేవారు. మన కాపురంలో సగం మాటలు ఆ ఒక్క మాటే.

చచ్చిపోయిన మిక్సీల మీదున్న ధ్యాస నామీద లేదనుకున్నాను. మీరు పరదా కట్టిన రోజు ఏడ్చాను. తలుపు చాలదన్నట్టు, నా దగ్గు కూడా వినబడకూడదని కట్టారనుకున్నాను. అది నా నిద్రకోసమని ఈ ఉత్తరంలో చదివాను. అప్పుడే ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయేది? నేను మాత్రం అడిగానా? అడగలేదు. పరదా సంగతి మాత్రం చెబితే మా చెల్లెలు, "గంతకు తగ్గ బొంత, మీ ఇద్దరినీ కుట్టినవాడెవడోగానీ" అంది.

గది ఎవరికోసం అన్నారు. ఎవరికోసమూ కాదు. లోపల వస్తువులు లేకపోతే లోపలికి పోవడానికి మీకు పని ఉండదని, హాల్లో ఉంటారని, అంతే నేననుకుంది. మీరేమో ఖాళీ చేసి నన్నందులో పెడతానంటున్నారు. నేను లోపల, మీరు బయట కిక్కురుమనకుండా. తలుపు అదే కదండీ. మనం అటూ ఇటూ మారామంతే.

పైవాటా ఇంటావిడ నిన్న మళ్ళీ అడిగింది. ఆదివారం చెబుతానన్నాను. కోపంగా ఉన్నప్పుడు తేలిగ్గా ఉండేది, అవునని చెప్పేసేదాన్ని. ఇప్పుడది కూడా లేకుండా చేశారు.

మీ ఇంటిది, అని అలవాటు కొద్దీ రాశాను

*

ప్రియమైన నీకు,

నీ ఉత్తరం చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాను. నువ్వు మెలకువగా ఉండి నిద్రపోతున్నట్టు పడుకున్నావు. నువ్వు నిద్రపోతున్నావని నేను లేనట్టు నడిచాను. నేను ఎంత మెల్లిగా నడిస్తే నువ్వు అంత బాధపడ్డావు. మరి నేను అన్నాళ్ళూ ఎవరి నిద్ర కాపాడినట్టు? మోటారు వైండింగులో ఎక్కడ తెగిందో చేత్తో తడిమి చెప్పగలను. ఇది ఎక్కడ తెగిందో ఎంత తడిమినా చిక్కలేదు. ఎక్కడా తెగలేదేమో, రెండు కొసలూ కలపలేదేమో.

ఇవాళ డ్యూటీ నుంచి వచ్చి గది తలుపు ఊడదీశాను. బందుల స్క్రూలు తుప్పుపట్టి కదల్లేదు. సుత్తితో కొట్టాల్సొచ్చింది. మన ఇంట్లో పట్టపగలు సుత్తి చప్పుడు చేయడం నాకు ఇదే మొదలు. రెండు దెబ్బలకొకసారి ఆగి హాల్లోకి చూశాను, లేస్తావని. తర్వాత గుర్తొచ్చి మళ్ళీ కొట్టాను. పార్లర్ ఆవిడ పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది అన్నయ్యగారూ? దొంగలా?"

"తలుపు. ఫోటో తియ్యమ్మా, గ్రూపులో పెట్టాలి."

"తలుపు కూడానా! రేపు గోడలు పెడతారా? వదిన వచ్చేసరికి స్థలం ఒక్కటే చూపిస్తారా?" అంటూనే ఫోటో తీసింది.

కోళ్ళ షెడ్డు కట్టుకుంటున్న ఒకాయన బావమరిదిని వెంటేసుకుని వచ్చాడు. తలుపుని వేళ్ళతో కొట్టి చూశాడు, అంచులు వాసన చూశాడు. "గట్టి చెక్క. చెద లేదు. ఏం లోపమండీ దీనికి?"

"లోపమేం లేదు. బాగా మూసుకుంటుంది."

"మరెందుకిచ్చేస్తున్నారు?"

"అందుకే" అన్నాను.

ఆయన బావమరిదికేసి చూశాడు, బావమరిది ఆయనకేసి చూశాడు. నా మనసు మారుతుందేమోనని గబగబా బండికెత్తుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక గదిలో కూర్చున్నాను. అక్కణ్ణించి చూస్తే నువ్వు పడుకునే చోటు కనబడుతోంది. నాలుగడుగులు కూడా లేదు. చాలా దూరం అనుకునేవాణ్ణి. తలుపు లేని గుమ్మంలోంచి చూస్తూ కూర్చుంటే ఏదో సిగ్గుగా, ఎవరైనా చూస్తున్నారేమో అన్నట్టుగా అనిపించి లేచి హాల్లోకొచ్చాను. హాల్లో ఏం చేయాలో తెలియలేదు. కుర్చీ అటు జరిపాను, ఇటు జరిపాను.

ఇకమీదట నేను మధ్యాహ్నం వస్తే "లేచావా" అంటాను. ఇంతవరకు తేల్చుకున్నాను. నువ్వు "ఆఁ" అన్నాక ఏమనాలో ఇంకా తోచలేదు. నువ్వే ఏదైనా మొదలుపెడితే దాన్నిబట్టి చూస్తాను. తోచకపోతే తోచలేదనే చెబుతాను, లేచి వెళ్ళిపోను. వెళ్ళడానికి తలుపున్న చోటేదీ ఇంట్లో మిగల్లేదు, వీధి తలుపు తప్ప.

పైవాటా ఆవిడకి వద్దని చెప్పు. నిన్ను ఇన్నాళ్ళలో ఏదీ అడిగినట్టు గుర్తులేదు. అడగడమంటే నిన్ను లేపడమే అనుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. ఆదివారం దాకా ఆగకు, వచ్చెయ్.

నువ్వు నిజంగా నిద్రపోతున్నా సరే, లేపుతాను.

నీ ఆయన